మంట తగ్గించిన చేయి

ధనుర్మాసంలో అనకాపల్లి చుట్టుపక్కల తెల్లవారుజామున ఒక వాసన వస్తుంది. చెరకు రసం మరిగే వాసన. మంచులో పది అడుగుల అవతల ఏముందో కనిపించకపోయినా, బెల్లం పొయ్యి ఎటువైపు ఉందో ముక్కు చెప్పేస్తుంది.

కిందటేడు చలికాలంలో ఒకరోజు నేను ఆ వాసన దగ్గర ఆగిపోయాను. దగ్గు నన్ను ఆపేసింది. మూడు రోజుల జ్వరం తగ్గీ తగ్గకముందే బూట్లు కట్టుకుని పరుగుకి బయల్దేరాను. నెలల తరబడి చేసిన సాధన మంచం మీదే కరిగిపోతోందని భయం. రెండో కిలోమీటరు దాటకముందే ఛాతీ పట్టేసింది. చెరకుతోట గట్టు మీద కూలబడ్డాను.

పొయ్యి దగ్గరున్న తాత నన్ను చూశాడు. "ఏటి బాబూ, ఒంట్లో బాగోనేదా? ఇలాగొచ్చి మంట కాడ కూకో" అన్నాడు.

వెళ్లి కూర్చున్నాను. పెద్ద పెనంలో రసం చిక్కబడుతోంది. ఒకతను కలుపుతున్నాడు. ఇంకొకతను ఎండిన చెరకు పిప్పిని పొయ్యిలోకి ఎగదోస్తున్నాడు. తాత మాత్రం ఏ పనీ చేయడం లేదు. పాకాన్నే చూస్తున్నాడు. కాసేపటికి చెయ్యెత్తాడు, అంతే. పిప్పి వేసే అతను ఆగాడు. మంట కిందికి దిగింది.

"ఆర్పేస్తున్నారా తాతా?" అని అడిగాను.

"ఆర్పితే పాకమెలాగొస్తాది బాబూ? తగ్గించాను. దించే ముందర కూడా ఇందాకటి మంటే పెడితే మాడిపోద్ది."

ఆ మాట పట్టుకునే నేను ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లాను. పరుగెత్తలేదు. నడిచాను. ఈ ఉదయం మీకు చెప్పాలనుకున్నదీ ఆ మాటే.

ఇది చదువుతున్న మీ ఒంట్లో ఎలా ఉంది? ముక్కు కారుతోందా? రాత్రంతా దగ్గుతో నిద్ర పట్టలేదా? బూట్లు గుమ్మం పక్కన అలాగే ఉన్నాయా? వాటిని చూసినప్పుడల్లా మనసులో ఏదో గుచ్చుకుంటోందా? "వారమైంది, అంతా పోయింది, మళ్లీ మొదటికొచ్చాను" అని మీలో మీరే అనుకుంటున్నారా?

అలా అనుకునేది మీరొక్కరే కాదు. పోలీసు ఉద్యోగం కోసం మన ఊళ్ల రోడ్ల మీద చీకటితోనే పరుగెత్తే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. మీరే ఆ పిల్లల్లో ఒకరేమో కూడా. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. ప్రాథమిక రాతపరీక్ష 2023 జనవరి 22న జరిగింది. వాళ్లు "ఈవెంట్స్" అని పిలుచుకునే దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు 30 వచ్చింది. దాదాపు రెండేళ్లు. అందులో పెద్ద పరుగు 1,600 మీటర్లే. మగపిల్లలకు 8 నిమిషాలు, ఆడపిల్లలకు పదిన్నర నిమిషాలు. ఆ కాస్త సమయం కోసం రెండు చలికాలాలు, రెండు తుపానుల కాలాలు కాచుకున్నారు.

రెండేళ్లలో ఒక్క జ్వరమైనా రాని మనిషి ఎవరుంటారు? ఇంట్లో ఎవరికో బాగోలేక, వానకు దారి మునిగి, ఉన్న కూలిపని వదల్లేక, ఎన్నిసార్లు ఆగిపోయి ఉంటారు? ఆగిన ప్రతిసారీ మళ్లీ ఒక ఉదయం లేచి మొదలుపెట్టబట్టే ఆ 1,600 మీటర్ల గీత దగ్గర నిలబడగలిగారు. సాధన అంటే ఆగకపోవడమేనని మనం అనుకుంటాం. మళ్లీ మొదలుపెట్టడమూ సాధనే. నిజానికి అందులో ఎక్కువ కష్టం అదే.

ఈ రోజు బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయం చివరి వచనాలు, 19వ అధ్యాయం మొదటి వచనాలు కలిపి చదవండి. సాధారణంగా మనం వాటిని విడివిడిగా చదువుతాం. కలిపి చదివితే అక్కడొక పరుగు కనిపిస్తుంది, ఆ వెంటనే ఒక నీరసం కనిపిస్తుంది.

కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది. కరువుతో ఎండిన నేల మీద పెద్ద వాన మొదలైంది. ఆ వానలో ఏలీయా ప్రవక్త నడుము బిగించి, అహాబు రాజు రథం కంటే ముందుగా యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. ఇరవై కిలోమీటర్ల పైమాటే. దేవుని హస్తం అతని మీద ఉంది.

పేజీ తిప్పితే అదే మనిషి ఎడారిలో ఒక బదరీవృక్షం కింద కూలబడి ఉన్నాడు. రాణి యెజెబెలు బెదిరింపుకు భయపడి పారిపోయి వచ్చాడు. ఇక చాలు, ప్రాణం తీసేయమని దేవుణ్ణే అడిగాడు. అలాగే నిద్రపోయాడు.

దేవుడు అతణ్ణి మందలించలేదు. "మొన్న అంత పరుగెత్తినవాడివి, ఇవాళ ఇదేమిటి?" అని అడగలేదు. ఒక దూతను పంపాడు. దూత తట్టి లేపితే తల దగ్గర రొట్టె ఉంది, నీళ్లున్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి పడుకున్నందుకు కూడా ఎవరూ కోప్పడలేదు. దూత మళ్లీ వచ్చి మళ్లీ తినమన్నాడు, ముందు దూరం చాలా ఉంది కనుక. ఆ తిండి బలంతోనే ఏలీయా నలభై పగళ్లు, నలభై రాత్రులు హోరేబు దాకా నడిచాడు.

బెల్లం పొయ్యి దగ్గర కూర్చున్న తర్వాతే ఈ కథలో ఒక సంగతి నా కంటబడింది. ఆ రొట్టె నిప్పుల మీద కాలింది. కొండ మీద అందరూ చూసేంత పెద్ద మంట పంపిన దేవుడే, చెట్టు కింద అలసిపోయిన ఒక్క మనిషి కోసం రొట్టె కాలేంత నిప్పు పెట్టించాడు. ఆ రోజు ఏలీయాకు కావలసింది ఆ కాస్త నిప్పే. అది ఎంతలో ఉండాలో తెలిసిన చేయి ఒకటి పక్కనే ఉంది.

మీ జ్వరాన్ని దేవుడే పంపాడని నేను అనను. చలిగాలికీ, తిరిగే వైరసులకీ వాటి దారి వాటికుంది. కానీ మీరు దుప్పటి కప్పుకుని పడుకున్న ఈ వారంలో ఆయన మీ పొయ్యి దగ్గర నుంచి లేచి వెళ్లిపోలేదని మాత్రం గట్టిగా చెప్పగలను. తాత పాకాన్ని చూసినట్టు ఆయన మిమ్మల్నే చూస్తున్నాడు. చెయ్యెత్తి మంట తగ్గించాడు. ఆర్పలేదు.

మరి ఆ చేతికి మనం ఎలా లోబడాలి? చిన్న చిన్న విషయాల్లోనే.

జలుబు ముక్కు వరకే ఉండి, ఒళ్లు తేలికగా ఉంటే కాసేపు నడవండి. నడక బాగుంటే నెమ్మదిగా నాలుగడుగులు పరుగెత్తినా ఫరవాలేదు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలోంచి దగ్గు, ఆయాసం, వీటిలో ఏదున్నా పరుగు మానేయండి. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరానికి వాపు తెస్తాయి. అలాంటప్పుడు గుండెను పరుగెత్తించడం ప్రమాదం. తగ్గాక కూడా ఛాతీలో నొప్పి, దడ, కళ్లు తిరగడం ఉంటే డాక్టరుకి చూపించుకోండి. ఇలా ఆగడాన్ని పిరికితనం అనుకోకండి. ఒళ్లు ఆయన ఇచ్చింది, దాన్ని కాపాడుకోవడం కూడా ఆయనకు చేసే సేవే.

జ్వరం పూర్తిగా పోయి, జ్వరం మాత్ర వేసుకోకుండానే ఒకటి రెండు రోజులు బాగా గడిచాక నడకతో మొదలుపెట్టండి. వారం పది రోజుల విశ్రాంతికి నెలల సాధన కరిగిపోదు. నన్ను ఆ రోజు జ్వరంతోనే బయటికి నెట్టిన భయం అబద్ధం. దాని మాట విన్నందుకు నా దగ్గు ఇంకో నెల సాగింది. నా మాట వినండి, దాని మాట వినకండి.

మంచు దట్టంగా ఉంటే కాస్త పొద్దెక్కాక వెళ్లండి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద వచ్చే లారీవాళ్లకు మంచులో మనిషి కనిపించడు. ఆ రోడ్డు వదిలేసి మైదానానికో, ఊళ్లోని వీధికో వెళ్లండి. లేత రంగు చొక్కా వేసుకోండి. గాలి కదలని చలి ఉదయాల్లో పొగ కూడా కిందనే ఆగిపోతుంది, దగ్గున్నవాళ్లకు అది మంచిది కాదు. ఎండ వచ్చేదాకా ఇంట్లోనే కాళ్లూ చేతులూ కదిలించి ఒళ్లు వేడెక్కించుకోవచ్చు. అమ్మ మిరియాల పాలు ఇస్తే కాదనకండి. ఏలీయా తల దగ్గర పెట్టిన రొట్టె లాంటిదే అది కూడా.

మళ్లీ మొదలుపెట్టిన మొదటి రోజుల్లో మీ పరుగు నెమ్మదిస్తుంది. గడియారం చూసి మనసు చిన్నబుచ్చుకుంటుంది. అప్పుడు మన పక్కనున్న విశాఖపట్నం అమ్మాయిని తలచుకోండి.

యర్రాజి జ్యోతి 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో వంద మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో పరుగెత్తింది. ఇరవై ఏళ్లుగా నిలిచిన జాతీయ రికార్డు కంటే అది మెరుగు. అయినా లెక్కలోకి రాలేదు. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. 2.0 దాటితే రికార్డుగా ఒప్పుకోరు. ఆమె తప్పేమీ లేదు. గాలి ఎవరి చేతిలో ఉంటుంది? మే 10న సైప్రస్‌లో మళ్లీ పరుగెత్తింది. ఈసారి 13.23 సెకన్లు. కోజికోడ్ పరుగు కంటే నెమ్మది. 2002 నాటి 13.38 రికార్డును దాటి పుస్తకంలోకి ఎక్కింది మాత్రం ఆ నెమ్మది పరుగే.

గాలి, మంచు, జ్వరం మన చేతుల్లో లేవు. మళ్లీ వెళ్లి గీత దగ్గర నిలబడటం మన చేతుల్లో ఉంది. ఈ వారం మీరు నడవబోయే నెమ్మది కిలోమీటరు ఏ గడియారంలోనూ గొప్పగా కనిపించకపోవచ్చు. మిమ్మల్ని కనిపెట్టి చూస్తున్నవాని దగ్గర అది లెక్కలో ఉంది.

పరుగు మీ విషయం కాకపోవచ్చు. ఆగిపోయిన ప్రార్థన కావచ్చు, సగంలో వదిలేసిన చదువు కావచ్చు, జబ్బు మనిషికి సేవ చేసి చేసి అరిగిపోయిన ఓపిక కావచ్చు. మీలో ఏ మంట కిందికి దిగింది? అది ఆరిపోయిందని మీరెందుకు తీర్పు చెప్పేసుకున్నారు? ఒక్కసారి బూడిద కదిపి చూస్తారా?

ఈ రోజుకి ఒక్క నిర్ణయం చాలు. ఒంట్లో బాగోకపోతే నేరం చేసినట్టు కాకుండా, బిడ్డ తల్లి ఒడిలో పడుకున్నట్టు హాయిగా పడుకోండి. బాగుంటే బూట్లు కట్టుకుని వీధి చివరిదాకా నడిచి తిరిగి రండి. రేపటి దూరాన్ని ఈ రోజు కొలవకండి. పడుకున్నా, నడిచినా, "నా మంట నీ చేతిలో ఉంది" అని ఒక్క మాట ఆయనతో చెప్పండి.

ప్రార్థన

తండ్రీ, ఈ చలిలో నా ఒళ్లు అలసిపోయింది. ఆగిపోయానని భయంగా ఉంది. ఏలీయాను నిద్రపోనిచ్చినట్టు నన్నూ నిద్రపోనివ్వు. లేవవలసిన వేళకి నువ్వే తట్టి లేపు. తినవలసింది తినే బుద్ధి, ఆగవలసిన చోట ఆగే వినయం, మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు ఇవ్వు. ఈ ఉదయం మంచులో పరుగెత్తే పిల్లల్ని, పొయ్యిల దగ్గర రాత్రంతా మేలుకున్నవాళ్లని, మంచం మీద దగ్గుతున్నవాళ్లని కాపాడు. నా మంట ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో నీకు తెలుసు. నేను నీ చేతినే చూస్తూ ఉంటాను. ఆమెన్.