జగన్నాథుని అనవసరము

విజయనగరములో ఒక గృహిణికి అరువది రెండవ ఏట గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగినది. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన నాటినుండియు పరామర్శలు మొదలైనవి. వచ్చినవారందరును ఆప్తులే. ఒకరు బత్తాయిపండ్లు తెచ్చిరి, ఒకరు సింహాచలము ప్రసాదము తెచ్చిరి, ఒకరు తమ మేనత్తకు ఇదే చికిత్స వికటించిన కథ మోసికొని వచ్చిరి. ప్రతివారికిని మొదటినుండి చెప్పవలెను: నొప్పి ఎప్పుడు వచ్చినది, ఎవరు చూచిరి, ఎన్ని కుట్లు పడినవి, ఎంత ఖర్చయినది. పడుకొని మాటలాడుట మర్యాద కాదని ఆ తల్లి లేచి కూర్చుండును. కోడలు ఉద్యోగమునకు వెళ్లిన వేళ ఎవరైనను వచ్చినచో కాఫీ కలుపుటకు తానే వంటింటిలోనికి నడచును. రెండు నెలలు ఇట్లు గడచినవి. ఒకనాటి సాయంకాలము ఆమె కుమారునితో, "పదిహేను రోజులు ఎక్కడికైనా వెళ్లి ఒక్కదాన్నే ఉండి వస్తాను నాయనా" అన్నది.

ఇల్లంతయు కలత చెందినది. "మేమేం తక్కువ చేశామమ్మా?" అని కుమారుడు కన్నీరు పెట్టుకొనెను. ఆడపడుచు విని, "వదినకు మన మీద విరక్తి పుట్టిందా ఏం? నలుగురూ ఏమనుకుంటారు? ఈ ప్రయాణం అనవసరం" అని తేల్చివేసినది.

ఆమె ఎరుగకయే నోట వెడలిన ఆ కడపటి మాట చాల గొప్ప మాట.

తెలుగున అనవసరమనగా అక్కరలేనిది. సంస్కృతమున అవసరమనగా సమయము, తగిన వేళ. రాజులును దేవతలును కొలువుతీరి దర్శనమిచ్చు వేళ. అట్టి వేళ కానిది అనవసరము. పూరీ క్షేత్రమున ప్రతి సంవత్సరమును జ్యేష్ఠ పూర్ణిమ గడచిన పిమ్మట ఇంచుమించు 15 దినములు జగన్నాథస్వామికి అనవసర కాలము. ఒడియావారు వాడుకలో దీనినే అణసర అందురు.

ఆ పూర్ణిమనాడు స్వామి అన్నతోను, చెల్లెలితోను గర్భాలయము వీడి స్నానవేదిక నెక్కును. ఆలయ ప్రాంగణములోని 'సునా కువ' అను బంగారు బావినుండి తెచ్చిన 108 కలశముల జలముతో అభిషేకము జరుగును. జగన్నాథునకు 35, బలభద్రునకు 33, సుభద్రకు 22, సుదర్శనునకు 18. సాయంకాలమున గజవేషము ధరించి జనులకు దర్శనమిచ్చును. వేలకొలది భక్తులు చూచుచుండగా అంతసేపు నీట తడిసిన స్వామికి జ్వరము వచ్చునట. ఆ రాత్రియే లోనికి తీసికొనిపోయి వెదురు తడికె అడ్డము పెట్టుదురు. అంతటితో దర్శనము ఆగిపోవును. రాజు వచ్చినను, పేద వచ్చినను, వేయి క్రోసులనుండి నడచి వచ్చినను, జగన్నాథుడు కనబడడు. తడికెమీద వస్త్రముపై చిత్రించిన పటములు వ్రేలాడదీయుదురు. పూజలు ఆ పటములకు జరుగును.

దేవునకు జ్వరమేమిటని అడుగువారు కలరు. ఆ మూర్తులు దారువుతో చేసినవి, స్నానముచే వర్ణములు చెదరును, వానిని మరల దిద్దుటకు కొన్నాళ్లు కావలెను, ఈ జ్వరము ఆ పనికి ముసుగు మాత్రమే అని చెప్పుదురు. చెప్పనిండు. రంగు వెలసినది గనుక దిద్దవలె ననుటయు, ఒడలు డస్సినది గనుక ఊరట కావలె ననుటయు వేరు వేరు మాటలు కావు. దిద్దుచున్న విగ్రహమును నలుగురిలో నిలువబెట్టరాదను మర్యాద అందులో ఉన్నది.

తడికె వెనుక జరుగు ఉపచారములు గమనింపదగినవి. లోపల నుండువారు దైతాపతులు. శబరరాజైన విశ్వావసువు సంతతిగా ప్రసిద్ధులు. స్వామికి జ్ఞాతులమని భావించుకొనువారు. బయటి జనము లక్షలలో ఉన్నను లోపల పరిచర్య ఈ కొలదిమందిదే. నిత్యము జరుగు ఏబదియారు భక్ష్యముల నివేదనము నిలిచిపోవును; పండ్లు, పానకము వంటి తేలికయైన పదార్థములు మాత్రమే నివేదింతురు. నువ్వుల నూనెలో సుగంధపుష్పములు, మూలికలు వేసి మట్టికుండలో ఒక సంవత్సరము భూమిలో పాతిపెట్టిన 'ఫులురి' తైలమును అయిదవనాడు స్వామికి అలదుదురు. పండ్రెండు నెలలకు ముందే సిద్ధపరచిన తైలమది! అటుపిమ్మట మారేడు, గుమ్మడిటేకు, నేలములక, పల్లేరు మొదలైన పది మూలికల వేళ్లతో చేసిన దశమూలౌషధము సమర్పింతురు. స్వామి సర్వజ్ఞుడు, అయినను వైద్యుని మాట కాదనడు, మందు వద్దనడు.

ఇక బయటివారు ఏమి చేయుదురు? ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. వారు తడికెను త్రోసికొని లోనికి పోరు. "ఒక్కసారి చూచి వెళ్లిపోదును" అని బ్రతిమాలరు. పూరీకి నైరృతి దిక్కున బ్రహ్మగిరిలో అలార్‌నాథుడను చతుర్భుజ నారాయణమూర్తి కలడు. అనవసర దినములలో భక్తులు అక్కడికి పోయి, ఆ మూర్తియందే జగన్నాథుని సేవించి, క్షీరాన్నము ప్రసాదముగా స్వీకరింతురు. జగన్నాథుని చూడనిదే నిలువలేని చైతన్య మహాప్రభువును ఈ దినములలో అలార్‌నాథునకే వెళ్లినట్లు కృష్ణదాస కవిరాజు చైతన్యచరితామృతమున వ్రాసియున్నాడు. విరహము లేదా? ఉన్నది, చైతన్యునికి ఉన్నంత విరహము మరెవ్వరికి ఉండును! అయినను ఆ విరహమును మోసికొని ఆయన వేరొక గుడికి నడచెనే కాని, జ్వరపడిన స్వామిని లేపి కూర్చుండబెట్టలేదు. రోగి మంచము చుట్టు కుర్చీలు వేసికొని గంటలకొలది కూర్చుండు ప్రేమకును, ఈ ప్రేమకును ఎంత దూరమున్నదో పరామర్శకు బయలుదేరునపుడు గడపలో ఒక నిమిషము ఆగి తలచుకొనవలెను.

తెలుగువారి ఇలవేల్పు కథయందును ఇదియే కనబడుచున్నది. వేంకటాచలమున పుట్టలో నున్న శ్రీనివాసుడు గోపాలకుని గొడ్డలి దెబ్బ శిరస్సున తిన్న వృత్తాంతము వేంకటాచల మాహాత్మ్యము విన్నవారికి తెలిసినదే. గాయపడిన స్వామి ఆకాశమునకు ఎగిరిపోలేదు, సంకల్పమాత్రమున గాయమును మాన్పుకొననులేదు. బృహస్పతి చెప్పగా అత్తిపాలు, జిల్లేడు దూది మందుగా వాడుకొనెను. తలదాచుకొనుటకు వరాహస్వామిని చోటడిగెను. ఆ చోట వకుళమాలిక ఒక్కతెయే తల్లివలె సేవించినది. నేటికిని తిరుమలలో మొదటి పూజ, మొదటి నివేదనము వరాహస్వామికే. కోలుకొనుటకు చోటిచ్చినవాని ఋణము అంతటిది.

శస్త్రవైద్యమునకు ఆద్యుడైన సుశ్రుతుడు వ్రణముగలవాని కొరకు సూత్రస్థానమున 19వ అధ్యాయమును ప్రత్యేకించెను. దాని పేరు వ్రణితోపాసనీయము. కత్తి పట్టుట చెప్పిన ఆచార్యుడే కత్తి దింపిన తరువాతి దినములను గూర్చి ఇంత శ్రద్ధగా చెప్పుట విశేషము. మొదట చెప్పినది మందు కాదు, ఇల్లు. శుభ్రమైనది, ఎండయు గాలిధాటియు తగులనిది కావలెను. అందులో ఇరుకుగాని పడక, తూర్పున తల. పగటినిద్ర కూడదు, దానిచే వ్రణమునకు దురద, బరువు, వాపు కలుగును. గట్టిగా మాటలాడుట, మాటిమాటికి లేచుట తగ్గించవలెను. మరి మిత్రులను వద్దనెనా? అనలేదు. ప్రియమైన మాటలతో, కథలతో బాధను మరపించువారు దగ్గర ఉండవలెనని చెప్పెను. మేనత్త కథ మోసికొని వచ్చువారు ఆ లెక్కలోనికి రారు.

కనుక ఏకాంతమనగా నిర్జనము కాదు. జగన్నాథునకు దైతాపతులు, శ్రీనివాసునకు వకుళ, సుశ్రుతుని రోగికి ప్రియమిత్రులు ఉన్నారు. ఒంటరిగా పోవుదునని అడవిలోని ఆశ్రమమునకో, వైద్యుడు లేని కొండమీదికో పోవుట సాహసము, తపస్సు కాదు. ప్రాణము దక్కినది గనుక వెంటనే అలిపిరినుండి కాలినడకన ఎక్కుదునని మ్రొక్కుకొనువారు కలరు. ఆ మెట్లు 3,550. హృద్రోగులు నడకదారిన రావలదని తిరుమల తిరుపతి దేవస్థానమే సూచించియున్నది. దేవుని ఇంటివారే వద్దన్న దానిని దేవునకు అర్పణమని ఎట్లనుకొందురు? బైపాస్ చికిత్సలో కోసిన రొమ్ము ఎముక కలియుటకు 6 నుండి 12 వారములు పట్టునని వైద్యులు చెప్పుదురు. అంతవరకు బరువులెత్తరాదు, నీళ్ల బిందెయైనను సరే. ఏకాదశి ఉపవాసమని మాత్రలు మానుటయు ఇట్టి పొరపాటే. ఆ రోజులలో వేళకు మాత్ర, వేళకు అన్నము, వేళకు కొలది నడక, ఇవియే నియమములు. మ్రొక్కు ఎక్కడికిని పోదు. కొండ అక్కడనే ఉండును.

విజయనగరపు గృహిణి విషయమున ఇంటి పురోహితుడు కుమారునకు ఈ అనవసర వృత్తాంతము చెప్పెను. వైద్యుడు పరీక్షించి, పదవ వారమున అనుమతి ఇచ్చెను. శ్రీకూర్మమున తెలిసినవారి ఇంట మెట్లు ఎక్కనక్కరలేని గది దొరకినది. అది సమభూమి, ఆలయము నాలుగడుగులలో ఉన్నది, శ్రీకాకుళపు ఆసుపత్రులును దూరము కావు. వండిపెట్టుటకు ఒక వృద్ధురాలు కుదిరినది. ఆమెకు వంట బాగుగా వచ్చును, ప్రశ్నలడుగుట రాదు. కుమారుడు తీసికొనిపోయి, మందుల పెట్టె అమర్చి, ఫోను సాయంకాలము ఆరు గంటలకు ఒక్కసారియే అని ఒప్పుకొని వెనుదిరిగెను. బస్సు కదలువరకు వీధి మలుపున తల్లి కనబడునేమో అని చూచెను. ఆమె రాలేదు. అప్పటికే పడుకొన్నది.

కూర్మనాథుని సన్నిధిలో నక్షత్ర తాబేళ్లు పెరుగుచున్నవి. ఆమె ఉదయము స్వామిని సేవించి, మండపమున కూర్చుండి, అవి ఆకుకూరలు మేయుట చూచుచుండెడిది. ఎవరైనను అలికిడి చేసినంతనే తలయు కాళ్లును లోనికి పోవును. గీతలో రెండవ అధ్యాయమున భగవానుడు స్థితప్రజ్ఞునకు ఈ ప్రాణినే ఉపమానముగా చూపెను. తాబేలు అవయవములను ముడుచుకొనును గాని త్రెంచుకొనదు. అలికిడి అణగిన పిదప ముందు ముక్కు, తరువాత ఒక కాలు, అటుపై రెండవ కాలు వెలుపలికి వచ్చును. తొందరపడి ఎత్తి చూచినవారికి అది ఇంకను ముడుచుకొనును. మొదటి మూడు దినములు ఆ తల్లి ఇంటిని తలచుకొని ఏడ్చినది కూడ. ఇంట నలుగురిలో ఏడ్చుటకు వీలు చిక్కలేదు. నాలుగవ రాత్రి తెల్లవారువరకు మెలకువ లేక నిద్రించినది. మనుమని పాలు, కోడలి బస్సు, వచ్చినవారి కాఫీ, ఇవి ఏవియు ఆ నిద్రలోనికి రాలేదు.

పూరీలో ఆ పదునైదు దినములు తీరగానే స్వామి కొత్త వర్ణములతో నవయౌవన దర్శనమిచ్చును. ఆషాఢ శుద్ధ విదియనాడు రథమెక్కి వీధిలోనికి వచ్చును. గుడిలోనికి రాలేనివారును ఆనాడు చూడవచ్చును. అనవసరమునకు ఒక తుది ఉన్నది గనుకనే బయటివారు ఓపిక పట్టగలుగుచున్నారు. ఆ గృహిణియు పోవునపుడే తిరిగివచ్చు తేదీని వంటింటి క్యాలెండరుపై గుర్తుపెట్టి పోయినది.

ఏడవనాడు ఆడపడుచు కారు మాట్లాడుకొని శ్రీకూర్మము బయలుదేరబోయినది. మేనల్లుడు, "అత్తయ్యా, ఇంకా ఎనిమిది రోజులుంది" అనెను. ఆమె కొంతసేపు అలిగి కూర్చున్నది. తరువాత ఆ కారులోనే సింహాచలము వెళ్లి, వదిన పేర అర్చన చేయించి, ప్రసాదపు పొట్లము తెచ్చి మేనల్లుని చేత పెట్టి, "సాయంత్రం ఫోనులో చెప్పకు. వచ్చాక చెబుదువుగాని" అన్నది.