శిక్షణ ఋణం ఎప్పుడు తీరుతుంది?

యజమాని ఖర్చుతో పని నేర్చుకున్న ఉద్యోగి ఎంతకాలం అక్కడే ఉండాలన్నది చూడటానికి కంపెనీల జమాఖర్చుల వ్యవహారం. నిజానికి ఇది పాత ధర్మసందేహం. విద్య పొందినవాడు విద్య ఇచ్చినవాడికి ఏం బాకీ పడతాడు? ఆ బాకీకి గడువుందా? ఒమన్‌లో విదేశీ కార్మికుల విషయంలో చాలాకాలం ఈ ప్రశ్నకు చట్టమే జవాబు చెప్పేసింది. కఫీల్, అంటే వీసాకు పూచీపడిన యజమాని, ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేనిదే మరో కంపెనీలో చేరడం కుదిరేది కాదు. అది లేకుండా వెళ్లిపోయినవాడు మళ్లీ ఒమన్‌లో పని చేయాలంటే రెండేళ్లు ఆగాల్సి వచ్చేది. 2021 జనవరి 1 నుంచి ఆ నిబంధన పోయింది. ఒప్పందం గడువు ముగిసినవాడు ఇప్పుడు కొత్త యజమాని దగ్గర చేరవచ్చు. అంతకుముందు, శిక్షణ పొందినవాళ్లు మా దగ్గరే నిలిచారని ఏ కంపెనీ అయినా చెప్పుకుని ఉంటే ఆ మాటకు విలువ తక్కువ. వెళ్లే దారి లేనివాడు ఉండిపోవడంలో అతని విశ్వాసమూ లేదు, యజమాని గొప్పతనమూ లేదు.

బాకీ సంగతి తేలాలంటే ముందు నేర్పినదేమిటో చూడాలి. జగిత్యాల వైపు నుంచి హెల్పర్‌గా ఒమన్‌లోని సోహార్‌కు వెళ్లిన యువకుడు వెల్డింగ్ నేర్చుకున్నాడనుకుందాం. 6జీ అనే వెల్డింగ్ పరీక్షలో పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. పైపు తిరగదు కాబట్టి వెల్డరే వంగి, ఒదిగి, చేయి మార్చుకుంటూ చుట్టూతా అతుకు వేయాలి. ఆ పట్టు చిక్కితే సోహార్‌లో ఎంత విలువో సౌదీలోని జుబైల్‌లోనూ అంతే. అదే కంపెనీ తన స్టోరు లెక్కల పద్ధతి నేర్పిస్తే అది గేటు దాటితే చెల్లదు. ఈ తేడాను ఆర్థికవేత్త గేరీ బెకర్ 1964లో వచ్చిన ‘హ్యూమన్ కాపిటల్’లో విడమరిచాడు. ఆయన వాదన ప్రకారం, ఎక్కడైనా పనికొచ్చే శిక్షణ ఖర్చును చివరికి భరించేది ఉద్యోగే. నేర్చుకునే రోజుల్లో తక్కువ జీతానికి పనిచేసి ఆ ఖరీదు కట్టేస్తాడు. ఆ హెల్పర్ సంగతీ అదే అయితే సోహార్ విడిచి వెళ్లే రోజున అతని మీద అప్పు మిగలదు. యజమానులు సౌకర్యంగా మరిచిపోయే లెక్క ఇది.

ఒమన్ ప్రజలు పారాయణం చేసే ఖురాన్‌లో ఈ బాకీ గడువు ప్రశ్నకు దగ్గరి ఘట్టం 28వ సూరా ‘అల్ ఖసస్’లో ఉంది. మద్యన్‌లో ఒక వృద్ధుడు తన కుమార్తెను మూసా ప్రవక్తకు ఇచ్చి పెళ్లి చేస్తాననీ, బదులుగా ఎనిమిదేళ్లు తన దగ్గర పనిచేయాలనీ అడుగుతాడు. పదేళ్లు పూర్తిచేస్తే అది నీ ఇష్టమనీ, నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదనీ అంటాడు. రెండింట్లో ఏ గడువు పూర్తిచేసినా తన మీద నింద ఉండకూడదని మూసా ముందే మాట తీసుకుంటాడు. ఎనిమిదేళ్లు కట్టుబాటు, పైన రెండేళ్లు మంచితనం. మూసా పదేళ్లూ ఉన్నాడని సంప్రదాయ వ్యాఖ్యానం చెబుతుంది. కానీ ఎనిమిదికే వెళ్లిపోయి ఉన్నా తప్పు పట్టడానికి లేదు. ఇస్లామీ ధర్మశాస్త్రంలో కూలి ఒప్పందాలకు వర్తించే ‘ఇజారా’ కూడా ఈ తీరులోనే నడుస్తుంది: ఒప్పందంలో చేతులు మారేది పని వల్ల వచ్చే ప్రయోజనం, మనిషి కాదు.

వ్యాసభారతం ఆదిపర్వం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ధౌమ్యుడి శిష్యుడు వేదుడు గురువింట ఎద్దులా బరువులు మోశాడు. ఎండకూ చలికీ, ఆకలికీ దప్పికకూ ఓర్చాడు. తాను గురువయ్యాక మాత్రం శిష్యుల చేత చాకిరీ చేయించలేదు, ఆ కష్టం తెలిసినవాడు కనుక. అతని శిష్యుడే ఉదంకుడు. వేదుడు సెలవిచ్చినా, గురుదక్షిణ ఏమివ్వమంటారని పట్టుబట్టింది అతడే. కట్టెయ్యని చోటనే కృతజ్ఞత పుట్టిందన్నమాట. మంచి శిక్షణ ఇచ్చిన కంపెనీలో మనుషులు నిలవడానికి కారణం సాధారణంగా ఇదే. ఇక్కడ తన ఎదుగుదల ఎవరికో పట్టిందని ఉద్యోగికి అనిపించాలి. ఇంతకాలం ఉంటానని రాయించుకునే బాండు కాగితంతో ఆ నమ్మకం రాదు.

అలాగని బాండు అధర్మమనీ కాదు. ఖర్చెంతో ముందే చెప్పి, చదవగలిగే భాషలో రాసి, నెలలు గడిచేకొద్దీ తరిగేలా పెట్టిన బాండు న్యాయమైనదే. పాస్‌పోర్టు దాచుకోవడం, పోయేవాడికి బకాయి జీతం ఆపడం వసూలు కావు, దోపిడీ.

ఉద్యోగాల్లో విదేశీయుల స్థానంలో ఒమనీలను తెచ్చేందుకు 1988లో మొదలైన ఒమనీకరణతో ఇంకో చిక్కు వచ్చింది. ప్రైవేటు కంపెనీల్లో పని నేర్చిన ఒమనీ యువత చాలాకాలంగా సర్కారు కొలువు వైపే చూస్తూ వచ్చింది. 2023లో వచ్చిన సామాజిక రక్షణ చట్టం పింఛను నిధులను ఒక్కటి చేయడంతో ఆ ఆకర్షణకు ఒక కారణం తగ్గింది. విదేశీయుడి సంగతి వేరు. తన కింద పని నేర్చిన ఒమనీ యువకుడు రేపు తన కుర్చీలో కూర్చుంటాడని తెలిసే తెలుగు సూపర్‌వైజర్ నేర్పుతాడు. ఇక్కడ శిష్యుడు ఉంటాడు, గురువు ఇంటికి వెళతాడు. 2023లోనే వచ్చిన కార్మిక చట్టం అలా వెళ్లేవాడికి దక్కే సేవాంత గ్రాట్యుటీని ఏడాదికి ఒక నెల మూలవేతనానికి పెంచింది. అందులో నేర్పిన పనికి విడిగా పద్దు లేదు. ఉండటం న్యాయం.