‘చెక్’ అనే మాట – రాజును ఆపేదెవరు?

‘ఫలానా నాయకుడికి చెక్ పెట్టారు’ అని పత్రికలు రాస్తాయి. దారిలో చెక్ పోస్టు, వాగు మీద చెక్ డ్యామ్, బ్యాంకులో చెక్కు, ఒంటి మీద చెక్స్ లుంగీ. నాదర్‌గుల్ నుండి ఇబ్రహీంపట్నం దాకా ఏ పల్లెకు వెళ్ళినా, ఇంగ్లీషు చదవని వారి నోట కూడా ఈ మాట వినిపిస్తుంది. అడ్డగించటం, అదుపు చేయటం, సరిచూడటం దీని అర్థాలు. అయితే ఇది ఇంగ్లీషువారి సొంత మాట కాదు.

దీని మూలం ఫార్సీ ‘షాహ్’, అంటే రాజు. మన దేశపు చతురంగం ఇరాన్ చేరి ‘చత్రంగ్’ అయింది, అరబ్బుల దగ్గర ‘షత్రంజ్’ అయింది. రాజుకు ముప్పు వచ్చినప్పుడు ‘షాహ్’ అని ఎదుటివానిని హెచ్చరించేవారు. ఆ కేకే యూరప్ చేరి, లాటిన్, ఫ్రెంచి నోళ్ళలో నలిగి, సుమారు 700 ఏళ్ళ క్రితం ఇంగ్లీషులో ‘చెక్’గా స్థిరపడింది. తర్వాత ఆటను దాటి ప్రతి అడ్డుకూ పేరైంది. గళ్ళ బట్టకు ఆ పేరు చదరంగపు బల్ల నుండే వచ్చింది. (ఆ ఆట ఆడవచ్చా, లేదా అన్న ఉలమాల చర్చ వేరు. ఇక్కడ మాట గురించే మాట్లాడుతున్నాము.) విచిత్రమేమంటే, ఉర్దూలో ‘శహ్ దేనా’ అంటే ఆటలో రాజును నిలదీయటమే కాదు, ఒకరిని ఎగదోయటం కూడా. ఒకే కేక ఒకచోట కళ్ళెమైంది, మరొకచోట ఉసిగొల్పటమైంది!

ప్రియ పాఠకులారా! ఈ మాట పుట్టుకలోనే ఒక సంగతి ఉంది. ఆగవలసింది బంటు కాదు, రాజు.

మన ధార్మిక పదాలను చూడండి. ‘సబ్ర్’ అసలు అర్థం పట్టి ఉంచటం. ‘అఖ్ల్’ అంటే బుద్ధి. ఒంటె కాలికి కట్టే తాడు ‘ఇఖాల్’, ఇదీ ఆ ధాతువుదే. ఆలి ఇమ్రాన్ సూరా 134వ ఆయతులో అల్లాహ్ కోపాన్ని దిగమింగేవారిని ప్రశంసించాడు. అక్కడి ‘కజ్మ్’ అనే పదాన్ని అరబ్బులు నిండిన నీటితిత్తి మూతి బిగించటానికి వాడేవారు. తిత్తిలో నీరు లేదని కాదు, నిండుగా ఉంది. కనుక కోపమే రానివాడు గొప్పవాడని ఇస్లాం చెప్పలేదు. చెక్ డ్యామ్ కూడా వాగును చంపదు. ఉరకను తగ్గించి, నీటిని భూమిలోకి ఇంకనిస్తుంది. చుట్టుపక్కల బావులు బతికేది దానివల్లనే.

మరి ఇంటి యజమానికి అడ్డుకట్ట ఎవరు? దుకాణంలో గిరాకీదారు ఎన్ని మాటలన్నా నవ్వుతూ సర్దుకునే మనిషి, ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే పళ్ళెం విసురుతాడు. అతనికి సహనం లేదనటానికి వీల్లేదు. పగలంతా ఉన్నదే! ఎదురు చెప్పగలిగిన వారి ముందు ఉన్న పగ్గం, ఎదురు చెప్పలేని వారి ముందు జారిపోయింది. భార్యాపిల్లల మౌనాన్ని అతను గౌరవం అనుకుంటాడు. అది భయం.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఉయైనా బిన్ హిస్న్ వచ్చి, మీరు మాకు సరిగా ఇవ్వటం లేదు, న్యాయం చేయటం లేదు అని ముఖం మీదే అన్నాడు. ఉమర్ (రజి) కొట్టబోయేంత ఆగ్రహించారు. ఉయైనా సోదరుని కొడుకు హుర్ బిన్ ఖైస్ అక్కడే ఉన్నారు. మన్నింపు వైఖరి అవలంబించమని, మూఢులతో వాదులాడవద్దని చెప్పే ఆరాఫ్ సూరా 199వ ఆయతు చదివి, ఇతడూ అలాంటివాడే అన్నారు. బుఖారీ ఉల్లేఖనం ప్రకారం ఉమర్ (రజి) ఆ ఆయతు దాటి ఒక్క అడుగు వేయలేదు. ‘నాకే చెబుతావా?’ అని అడగలేదు. ఆయన సలహా మండలిలో వయసు మళ్ళినవారితోపాటు యువకులూ ఉండేవారు, ఖుర్‌ఆన్ తెలిసి ఉండటమే అర్హత.

నిలబడి ఉండగా కోపం వస్తే కూర్చోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. మక్తబులో ఈ హదీసు పిల్లలకు నేర్పుతాము. ఇంటికి వెళ్ళి పిల్లవాడు ‘అబ్బాజాన్, కూర్చోండి’ అంటే కొన్ని ఇళ్ళలో తండ్రి కూర్చుంటాడు. కొన్ని ఇళ్ళలో పిల్లవాడికి దెబ్బలు పడతాయి. మర్నాడు అదే హదీసు అప్పజెప్పేటప్పుడు ఆ పిల్లవాడి గొంతు పెగలదు.