నోరులేనివారి దంతములు

పంటినొప్పి వచ్చినవాడు ఇంటిల్లిపాదిని నిద్రపోనీయడు. లవంగనూనె తెమ్మనును, ఉప్పునీళ్ళు కాచి ఇమ్మనును, తెల్లవారక మునుపే వైద్యుని తలుపు తట్టును. మాట వచ్చినవానికి ఇది సాధ్యము. పుట్టుకతోనే మేధోవైకల్యము గలవారికిని, చేయి నోటిదాక పోనివారికిని, మాట రానివారికిని ఇది సాధ్యము కాదు. వారికి పన్ను నొచ్చినచో అన్నము మానుదురు. రాత్రి కేకలు వేయుదురు. తమ చెంపను తామే కొట్టుకొందురు. చూచువారు మొండితనము ఎక్కువైనదందురు. మెతక మనిషిని నోరులేనివాడనుట లోకములో వాడుక. వీరి విషయమున ఆ మాట అక్షరాల నిజము: తన నోటిని గురించి చెప్పుకొనుటకే నోరు లేదు.

ఇట్టివారి నోటికి బాధ్యులెవరు? దయగలవారు అని జవాబు చెప్పి ఊరకుండుట సులభము. కాని విద్యావంతులు, సంస్కారవంతులు, లోకహితమును కోరినవారు ఒక దేశమున ఇట్టివారి దంతములను ఏమి చేసిరో తెలిసినచో, ఆ జవాబు చాలదని తోచును.

స్వీడన్ దేశమున లుండ్ పట్టణములో విపెహోల్మ్ అను ఆసుపత్రి 1935లో తెరువబడెను. తీవ్రమైన మేధోవైకల్యము గలవారిని, చదువు చెప్పుటకు వీలులేనివారని నాటి ప్రభుత్వము ముద్రవేసినవారిని, అందుంచెడివారు. ఆ దినములలో స్వీడన్ దేశస్థులలో పుచ్చుపన్ను లేనివాడు అరుదు. 1938లో ప్రజలందరికి దంతవైద్యము అందవలెనని అక్కడి పార్లమెంటు నిశ్చయించెను. కాని ఉన్న వైద్యులందరును పగలనక రేయనక పనిచేసినను అన్ని పళ్ళు పూడ్చలేరు. పుచ్చు ఎందులకు వచ్చుచున్నదో తెలిసినగాని లాభము లేదు. పంచదారవలననని కొందరు, ఆహారములో విటమినులు చాలకనని కొందరు వాదించుచుండిరి. తేల్చుటకు పరిశోధన కావలసి వచ్చెను. పరిశోధనకు మనుష్యులు కావలసి వచ్చిరి.

1945లో ఆ పని విపెహోల్మ్‌లో ఆరంభమయ్యెను. స్థలము ఎన్నుకొన్న కారణము స్పష్టమే. అక్కడివారు ఏండ్ల తరబడి ఒకేచోట ఉందురు. ఒకే వంటశాలలో వండినది తిందురు. బయటి తినుబండారములు వారికి చేరవు. ఏమి పెట్టిరో, ఎంత పెట్టిరో లెక్క వ్రాయవచ్చును. అన్నిటిని మించి, ఎందులకు పెట్టుచున్నారని వారు అడుగరు.

మొదట విటమినులు ఇచ్చి చూచిరి. 1947 నుండి తీపి పెట్టుట మొదలయ్యెను. రోగులను వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు రోజుకు 300 గ్రాముల వరకు పంచదారను భోజనముతో పాటు పానీయములో కలిపి ఇచ్చిరి. మరికొన్ని వర్గములకు తీపి రొట్టె, చాక్లెట్, పంచదార బిళ్ళలు. ఒక వర్గమునకు రోజుకు 8 టాఫీలు, వేరొక వర్గమునకు 24 టాఫీలు. ఈ టాఫీలు పంటికి గట్టిగా అంటుకొని చాలసేపు నిలుచునట్లు ప్రత్యేకముగా చేయించినవి. ఖర్చులో కొంత ప్రభుత్వము, కొంత చక్కెర, చాక్లెట్, మిఠాయి పరిశ్రమలవారు భరించిరి. ఈ సంగతి వర్తకులు కాస్త నిలిచి చదువవలసినది.

1951 వరకు జరిగిన ఈ పరిశోధన ఫలితములు 1954లో వెలువడెను. 436 మందిని అయిదేండ్లు గమనించిన వృత్తాంతమది. తేలినదేమనగా: భోజనముతో తిన్న తీపి, ఎక్కువైనను, పళ్ళను అంతగా చెరుపలేదు. భోజనమునకు భోజనమునకు నడుమ మాటిమాటికి తిన్న, పంటికి అంటుకొను తీపి విపరీతముగా చెరిపెను. 24 టాఫీల వర్గములో పుచ్చు అందరికంటె ఎక్కువగా పెరిగెను. టాఫీలు ఆపగానే క్రొత్త పుచ్చు పుట్టుట తగ్గెను. అయితే అంతకు మునుపు గుంటపడిన పన్ను మరల నిండలేదు. పంటిపై గట్టిపొర ఒకసారి గుంటపడినచో అది తిరిగి పెరుగునది కాదు.

స్వీడన్‌లో పిల్లలకు వారమునకు ఒక్కరోజు, శనివారమునాడే, మిఠాయి ఇచ్చు ఆచారము ఈ పరిశోధనానంతరము వైద్యాధికారులు చేసిన బోధవలన బలపడెను. నేడు ఏ దేశములోనైనను వైద్యుడు "తీపి తింటే భోజనముతోనే తినిపించండి, మధ్యమధ్య వద్దు" అని తల్లికి చెప్పునప్పుడు, ఆ మాట వెనుక విపెహోల్మ్ రోగుల పళ్ళున్నవి.

1947 సంవత్సరమును ఇంకొకందుకు తలచుకొనవలెను. జర్మనీలో నాజీ వైద్యుల విచారణ ముగిసి, మనుష్యునిపై ప్రయోగము చేయవలెనన్నచో అతడు తెలిసి, తనంతట ఒప్పుకొనవలెనను నియమము న్యూరెంబర్గ్‌లో ఆ ఆగస్టుననే ప్రకటితమయ్యెను. టాఫీలు పంచిన కాలమదియే. స్వీడన్ పరిశోధకులు నాజీలు కారు. వారిని ఆ గాటన కట్టుట అన్యాయము. తమ దేశపు పిల్లల నోళ్ళు బాగుపడవలెనని మనసార కోరినవారే. అందుచేతనే ఈ ఉదాహరణ విలువైనది. దుర్మార్గుని తప్పు నుండి నేర్చుకొనునది కొంచెము.

వారి పక్షమున చెప్పదగిన మాటలలో బలమైనది ఒకటే: కొద్దిమంది పళ్ళు పోయినను కోట్లమంది పిల్లల పళ్ళు దక్కినవి కదా. ఈ వాదము వినుటకు బాగున్నది. అయితే ఖాతా వ్రాయుట తెలిసినవాడు దీనిని ఒప్పుకొనడు. లాభము ఒకరి పేర, నష్టము మరియొకరి పేర వ్రాసి, చివర రెండును కలిపి కూడి, మొత్తము మీద లాభమే అనుట ఏ దుకాణములోను చెల్లదు. ఒకనివద్ద పది రూపాయల సరకు తెచ్చి నూరు సంపాదించినవాడు, ఆ నూరు చూపి పది బాకీ లేదనగలడా? పైగా ఇక్కడ సరకు ఇచ్చినవాడు ఇచ్చుచున్నానని ఎరుగడు.

వారు టాఫీలను ఇష్టపడి తినిరి కదా అనునది మరియొక మాట. ఇష్టము వేరు, సమ్మతి వేరు. పసివాడు దీపమును ఇష్టపడును.

ఉద్దేశము మంచిది కనుక దోషము లేదందురా? ఉమాస్వామి తత్త్వార్థసూత్రములో హింసను ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో, ముడిపెట్టెనని చదివినవారికి ఇక్కడ ఒక చిక్కు తోచవలెను. ఏమరుపాటున పొరుగువాని పన్ను చెడుట ఒకటి. విపెహోల్మ్‌లో జరిగినది ఏమరుపాటు కాదు. అక్కడ ఎంతో జాగ్రత్తగా, ప్రతి పంటిని లెక్కించుచు, పుచ్చు వచ్చుట కొరకు ఎదురుచూచిరి. పుచ్చు రానిచో పరిశోధనకు ఫలితము లేదు. ఎదుటివాని నోటిలో చెడుపు కనబడినప్పుడు పని సాగుచున్నదని అనుకొనవలసిన స్థితిలో మనిషి తన్ను తాను నిలుపుకొనవచ్చునా అనునదే అసలు ప్రశ్న. పరిశోధకులలో ఒకరైన బో క్రాసే 2001లో, ఏబది ఏండ్ల తరువాత, ఆ పరిశోధనను మరల తలచుకొని వ్యాసము వ్రాసెను. 2006లో ఎలిన్ బొమ్మెనెల్ దానిపై సిద్ధాంతగ్రంథమే వ్రాసెను. ఆ దేశములో చర్చ ముగిసిపోలేదన్నమాట.

అట్లయిన ఆ జ్ఞానమును పారవేయవలెనా? పారవేసినందున పోయిన పళ్ళు రావు. ఉన్నవారి పళ్ళును పోవును. కనుక వాడుకొనవలసినదే. కాని వాడుకొన్నవాడు ఋణస్థుడు. ఋణదాతలు గతించిరి, ఈ బాకీ వారివంటివారికి చెల్లవలసియున్నది. చెల్లుచున్నదా? ఆ తీపి లెక్క తెలిసి బాగుపడినవారిలో మేధోవైకల్యము గలవారు వెనుకబడియుండుటయే ఇందలి వింత.

కారణములు ఇండ్లలోనే ఉన్నవి. అల్లరిచేయు బిడ్డను ఊరుకోబెట్టుటకు చేతిలో టాఫీ పెట్టుట, మాట వినినందుకు ఇంకొకటి, మందు మింగినందుకు మరియొకటి. వచ్చిన చుట్టము "పాపము, వానికేమి తెలుసు" అని జాలిపడి జేబులోనుండి ఒకటి తీసి ఇచ్చును. సాయంకాలమునకు లెక్కించినచో విపెహోల్మ్ వర్గములలో ఏదో ఒకదానికి దగ్గరపడును. అక్కడ శాస్త్రముచే జరిగినది ఇక్కడ ప్రేమచే జరుగుచున్నది. పంటికి ఆ భేదము తెలియదు. తీపి తగిలిన ప్రతిసారి నోటిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లమును లాలాజలము కడిగి సరిచేయుటకు సుమారు అరగంట నుండి గంట పట్టును. ఆ లోపల ఇంకొక టాఫీ పడినచో పంటికి విరామమే లేదు. మూర్ఛలకు, ఇతర వ్యాధులకు ఏండ్ల తరబడి ఇచ్చు సిరపు మందులలో తీపి కలిసినవి కొన్ని గలవు. కొన్ని మందులు నోటిని ఎండబెట్టును. రాత్రి నిద్రలో లాలాజలము చాల తగ్గును గనుక పడుకొనబోవుచు తిన్న తీపి అన్నిటికంటె చెడ్డది. రాత్రిభోజన విరమణము పళ్ళకొరకు పుట్టిన వ్రతము కాదు. అయినను దానిని పాటించు ఇంట పిల్లవాని పళ్ళకు అది తెలియకయే మేలుచేయును.

దిగంబర మునుల 28 మూలగుణములలో అదంతధావనము, అనగా పళ్ళు తోముకొనకుండుట, ఒకటి. దానిని చూపి ఈ బిడ్డల నోటిని ఉపేక్షించుటకు వీలులేదు. ముని తానై విడిచెను, రోజుకొక్కమారే భుజించును. ఈ బిడ్డ ఏ వ్రతమును పట్టలేదు. వాని పళ్ళు తోమకుండుట త్యాగము కాదు, ఇతరుల తీరికలేనితనము.

పుచ్చు ఒక్కటియే కాదు. డౌన్ సిండ్రోమ్ గలవారికి పుచ్చుకంటె చిగుళ్ళవ్యాధి ముఖ్యము. చిన్న వయస్సుననే పళ్ళు కదలి ఊడును. మూర్ఛలకు వాడు ఫెనిటాయిన్ వలన కొందరికి చిగుళ్ళు వాచి పళ్ళపైకి పెరుగును. మస్తిష్క పక్షవాతము గలవారు పళ్ళు కొరికి అరుగగొట్టుకొందురు. మింగుట కష్టమైనవారి నోటిలోని మురికి ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా తెచ్చుట కూడ గలదు. నోరు చిన్న విషయమనువారు ఇది గమనింపవలెను.

నోరు తెరువనివానిని పట్టుకొని తోముట హింస కాదా అని తల్లులు అడుగుదురు. ఏడిపింపలేక వదలివేయుదురు. ఈ సంకోచమును ఎగతాళి చేయరాదు. అయితే విపెహోల్మ్ వైద్యులును మంచికే అనిరి. ఎవరి మంచికి అనునదే గీటురాయి. ఏ నోటిని తెరచుచున్నారో ఆ నోటి మేలుకే తెరచినచో, అంతకంటె మెత్తని దారి వెదకిన పిమ్మటనే తెరచినచో, అది వేరు. మెత్తని దారులు గలవు. మొదట బ్రష్షును చేతికి తాకింతురు. కొన్నినాళ్ళకు చెంపకు, పెదవికి, తరువాత ఒక్క పంటికి. కొందరికి నెలలు పట్టును. తోమువారు వెనుక నిలిచి బిడ్డ తలను తమ రొమ్మునకు ఆనించుకొన్నచో భయము తగ్గును. ఫ్లోరైడు గల పేస్టు కొంచెమే చాలును. ఇంత ఓపికకు సమయము లేదని కాళ్ళుచేతులు బిగించిపట్టి రోజూ రెండు నిమిషములలో ముగించువారు ఎవరి మేలు చూచుచున్నారో తామే తేల్చుకొనవలెను.

వైద్యశాలలోను ఇదే ప్రశ్న వేరొక వేషమున వచ్చును. కదలక కూర్చుండలేనివానికి పన్ను పూడ్చుట కష్టము, పీకుట తేలిక. ఎట్లును మాటాడడు, నలుగురిలోనికి రాడు, పళ్ళెందుకని కుటుంబమువారు కూడ తల ఊపుదురు. మాటలేనివానికి లోకములో మిగిలిన సుఖములు కొద్ది. నమలి తినుట అందొకటి. కట్టుడుపళ్ళు పెట్టినను ఓర్చి ఉంచుకొనువారు తక్కువ. కావున వాని ఒక్కొక్క పన్ను ఇతరుల పంటికంటె విలువైనదే గాని తక్కువది కాదు. మత్తుమందు ఇచ్చి నిద్రబుచ్చి ఒకేసారి పళ్ళన్నిటిని సరిచేయు పద్ధతి పెద్ద ఆసుపత్రులలో గలదు. దానికి ఖర్చుండును, కొంత అపాయమును ఉండును. అందుచే అక్కడిదాక రానీయకుండుటే మేలు.

మన దేశమున 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము వైద్యములో వీరికి ముందు చోటు ఇయ్యవలెనని చెప్పినది. వారి స్వేచ్ఛాసమ్మతి లేనిదే, సగమునకు తక్కువ కాకుండ దివ్యాంగులో వారి సంస్థల సభ్యులో ఉన్న సంఘము ముందుగా అనుమతించనిదే, వారిపై ఏ పరిశోధనయు చేయరాదని నిషేధించినది.

చట్టము పట్టని చోటు ఒకటి గలదు, అది దాతలది. పుట్టినరోజులకు, పెద్దల తిథులకు, పర్యుషణాంతమున దివ్యాంగుల ఆశ్రమములకు పోయి మిఠాయిపొట్లములు పంచుట వర్తక కుటుంబములలో ఎరిగినదే. ఉదయము ఒకరు, మధ్యాహ్నము ఒకరు, సాయంకాలము ఒకరు వత్తురు. ఎవరికి వారు ఒక్కసారే ఇచ్చితిమనుకొందురు. తినువాడు మాత్రము ఒక్కడే. పొట్లములను వంటింట అప్పగించి భోజనముతోనే వడ్డింపుమని చెప్పుట దాతకు భారము కాదు. మరునాడు ఆ పళ్ళు తోమునదెవరు, ఒక ఆయాకు ఎందరు బిడ్డలు, ఒక్కొక్కరికి పేరు వ్రాసిన బ్రష్షు వేరుగా ఉన్నదా అని అడిగి, ఆ ఆయా జీతములో ఒక భాగమును ఏడాదికి తన పద్దున వ్రాయించుకొను దాతయు ఉండవచ్చును. ఫలకముపై చెక్కించుటకు అది అంత అందముగా కనబడకపోవచ్చును.