తలారి తలపాగా

అనగనగా ఒక ఊరు. ఊరి నడుమ అందరి గింజలూ దాచుకునే ఉమ్మడి కొట్టు ఉండేది. దానికొక తలారి కాపలా. పంపకాల దగ్గర తగువు ముదిరి, ఒకనాటి మధ్యాహ్నం ఓడిన పక్షంవాళ్లు గుంపుగా కర్రలు పట్టుకుని కొట్టు మీదికి వచ్చారు. తలారి చేతులు బార్లా చాచి గడపకు అడ్డంగా నిలబడ్డాడు. గుంపులోంచి ఎవడో పిడికెడు కారం అతని కళ్లలో కొట్టాడు. తలారి తూలాడు. తలపాగా కొసతో మొహం తుడుచుకుని, తొట్టి దగ్గర కళ్లు కడుక్కుని, పాగా మళ్లీ చుట్టుకుని కాపలాకొచ్చాడు. పొద్దుగూకాక గుంపు చెదిరిపోయింది. ఊరు సద్దుమణిగిన ఆ రాత్రి అతను కొట్టు అరుగు మీదే కుప్పకూలాడు. మర్నాడు రాత్రికి ప్రాణం పోయింది.

తెల్లారేసరికి బావి దగ్గర ఒక మాట పుట్టింది. "రోకలితో నెత్తి మీద మోదారట!" చూసినవాళ్లు లేరు. ఎవరో చెబితే విన్నామన్నవాళ్లే అందరూ. రచ్చబండ చేరేసరికి ఆ రోకలి ఎవరింటిదో కూడా తేలిపోయింది. నిప్పు లేనిదే పొగ రాదు గదా అని కరణంగారు దస్త్రంలో రాసేశారు. తలారిని అభిమానించినవాళ్లు ఆ రోకలిని తలుచుకుని తలుచుకుని ఏడ్చారు. ఆ ఏడుపులో కల్లాకపటం లేదు. కానీ ఆ రోకలిని కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు.

మూడు నెలలు గడిచాక, శవాన్ని పరీక్షించిన వైద్యుడు రచ్చబండ దగ్గర నోరు విప్పాడు.

"తల మీద దెబ్బ లేదు. మెదడుకు నెత్తురు మోసే నాళంలో గడ్డ అడ్డుపడింది. పోయింది జబ్బుతో."

అంతే, కొట్టు మీదికి వెళ్లినవాళ్లకు నోళ్లు లేచాయి. "రోకలి అబద్ధమైతే కారమూ అబద్ధమే! ఆ సాయంత్రం అతను నడిచి తిరగడం చూడలేదూ? అసలు మేం గొడవకే రాలేదు, కొట్టు చూసిపోదామని వచ్చాం!"

అప్పుడు తలారి తల్లి లేచింది. చంకలోని మూట విప్పి కొడుకు పాగాను రచ్చబండ మీద పరిచింది. ఉతకని పాగా. మడతల్లో ఎర్రటి పొడి ఇంకా అంటుకునే ఉంది. ఒక్కసారి విదిలించేసరికి ముందు వరసలో కూర్చున్న ముసలాళ్లు దగ్గుతూ కళ్లు నులుముకున్నారు.

"బాబూ, మీరు నా బిడ్డ నెత్తిన లేని దెబ్బ పెట్టారు" అంది ఒక వైపు చూసి. "నాయనా, మీరేమో వాడి కళ్లలో పడ్డ కారాన్ని దులిపేస్తున్నారు" అంది రెండో వైపు తిరిగి. ఆ తర్వాత వైద్యుణ్ణి అడిగింది. "అయ్యా, ఆ గొడవే లేకుంటే నా కొడుకు బతికుండేవాడా?"

"జబ్బు పేరు చెప్పగలను తల్లీ. అతని అవస్థలో ఆ రోజు జరిగినదానికీ పాలుంది. ఎంతో తూచి చెప్పే తక్కెడ నా దగ్గర లేదు."

కరణం దస్త్రం తెప్పించి, అందరి ఎదుటా రోకలి మాట కొట్టేసి ఇలా రాశాడు: "గుంపు వచ్చింది. తలారి నిలబడ్డాడు. కళ్లలో కారం కొట్టారు. మర్నాడు పోయాడు. వైద్యుడు జబ్బన్నాడు." తల్లి ఆ అయిదు మాటలూ రెండుసార్లు చదివించుకుని, పాగా మడిచి, ఇంటిదారి పట్టింది.

నీతి: పోయినవాడి గాయాన్ని పెంచినా, తుడిచేసినా అన్యాయం అతనికే. జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ఈ కథ ఊరికే చెప్పలేదు. 2021 జనవరి 6న, జో బైడెన్ గెలుపును ఖరారు చేసే ఓట్ల లెక్కింపు సాగుతుండగా, డొనాల్డ్ ట్రంప్ మద్దతుదారుల గుంపు వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనం మీద పడింది. కాపలాలో ఉన్న 42 ఏళ్ల పోలీసు బ్రయన్ సిక్‌నిక్ మొహాన ఒకడు ఘాటు రసాయనం చల్లాడు. ఆయన ఆ రాత్రి 10 గంటల ప్రాంతంలో కుప్పకూలి, మర్నాటి రాత్రి ఆసుపత్రిలో కన్నుమూశారు. మంటలార్పే సిలిండర్‌తో తల మీద కొట్టారని పోలీసు వర్గాలు చెప్పినట్టు న్యూయార్క్ టైమ్స్ 8వ తేదీన రాసింది. ట్రంప్ అభిశంసన విచారణ కోసం సిద్ధమైన పత్రంలోకీ ఆ మాట ఎక్కింది. ఫిబ్రవరిలో పత్రిక తన కథనాన్ని సవరించుకుంది.

ఏప్రిల్ 19న వాషింగ్టన్ ప్రధాన మెడికల్ ఎగ్జామినర్ ఫ్రాన్సిస్కో డయాజ్ తేల్చింది వేరు. మెదడు రక్తనాళంలో గడ్డ, రెండు స్ట్రోకులు, సహజ మరణం. లోపలా బయటా గాయాలు లేవు, రసాయనం ఒంటికి పడక అలర్జీ వచ్చిన ఆనవాళ్లూ లేవు. జబ్బు ఒక్కటే కారణమైతేనే ఆ కార్యాలయం "సహజం" అంటుంది. అయినా ఆ రోజు జరిగినదంతా ఆయన స్థితిలో పాత్ర వహించిందని అదే డయాజ్ అన్నారు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం కష్టమే. కానీ చదవాల్సింది అలాగే.

రసాయనం చల్లినవాడు దాడి నేరం ఒప్పుకున్నాడు. 2023 జనవరిలో అతనికి 80 నెలల జైలు పడింది. హత్యానేరం మాత్రం మోపలేదు. అంటే సిలిండర్ దెబ్బ అబద్ధం, రసాయనం నిజం. సిలిండర్ కథను మోసినవాళ్లలో చాలామంది ఆయన మీది అభిమానంతోనే మోసి ఉంటారు. దాడే జరగలేదని చెప్పాలనుకున్నవాళ్లకు సాకు చేతికి అందించింది ఆ అభిమానమే.

2021 ఫిబ్రవరిలో ఆయన చితాభస్మాన్ని కాపిటల్ నడిమి గుమ్మటం కింద ఉంచి నివాళులర్పించారు. తల పగలలేదు గనుక ఆ గౌరవం తగ్గిపోదు. ఆయన గడప దగ్గర నిలబడ్డారు, అది చాలు. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలన్నారు. ఆ నిలకడ ఉండాల్సింది వినే మనలోనే.