వినుటకు వెల యున్నదా?

జైన గృహస్థునకు శ్రావకుడని పేరు, అనగా వినువాడు. ముని ధర్మము చెప్పి వెల యడుగడు. విన్నవాడు ఆహారదానము మానడు. ఈ రెంటి నడుమ బేరము లేదు, చిట్టా లేదు. వర్తకులమగు మనకిది వింతగా తోచవలసినదే, కాని తోచదు!

ఈ చెన్నపట్టణముననే 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మొదలగువారు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును నెలకొల్పిరి. లాభాపేక్ష లేని ఆ క్లబ్బు 1927లో ధనాభావమున మూతపడెను. దాని ప్రసారయంత్రము కార్పొరేషనువారికి చేరి 1930లో మరల పలికెను.

చందా యియ్యక విన్నవారు దొంగలా? అదత్తాదానమనగా ఇయ్యనిదానిని గైకొనుట. ఆకాశమున విడిచిన ధ్వని యందరికి నిచ్చినదే. ఒకడు వినిన మరియొకనికి తరుగదు. కనుక దొంగతనమనజాలము. అయినను దొంగ గాకపోవుట యొక్కటే శ్రావకునకు చాలునా? ధ్వని తరుగదు గాని విద్యుచ్ఛక్తి తరుగును. పాడినవాని దినము తరుగును. ఆ తరుగును ఎవరో యొకరు భరించుచునే యున్నారు.

ఈ నగరమున 2004 నుండి అన్నా విశ్వవిద్యాలయమువారి అన్నా ఎఫ్. ఎం. ఉన్నది, అట్టి సాముదాయిక నిలయములు దేశమున మరికొన్ని గలవు. గ్రంథములను అచ్చువేయించి పంచువారము, వీనికేల ఇయ్యరాదు? దీపావళినాడు క్రొత్త ఖాతా తెరచునపుడు ఈ పద్దు నెచ్చట వ్రాయవలెనని గుమాస్తా యడుగవచ్చును. శాస్త్రదానము క్రిందనే.