కోపానికీ ఉంది మొదటి హెచ్చరిక

కోడలా,

మొన్న నీ కారులో కొత్తగూడెం నుంచి భద్రాచలం వచ్చాను కదా. ముప్పై ఏళ్లు ఇదే దారిలో బస్సు నడిపినవాణ్ణి, ఊరికే కూర్చోలేక దారి పొడుగునా నీ చేతులే చూశాను. పాల్వంచ దాటేసరికి స్టీరింగు మీద నీ వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ముందు బొగ్గు లారీ జరగదు, వెనక ఇసుక లారీ హారన్ ఆపదు. బ్యాంకుకు పోయి వచ్చేసరికి రోజుకు 80 కిలోమీటర్లు. ఇంటికెళ్లాక పిల్లాడి మీద అరుస్తున్నానని నువ్వే బాధపడ్డావు. ఆ అరుపు పిల్లాడికి చెందాల్సింది కాదమ్మా, దారిలో దించుకోవాల్సిన బరువు.

భద్రాచలంలో గోదారికి మూడు వరద హెచ్చరికలు. 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటితే వంతెన మీద బండ్లే ఆపేశారు. వరదొస్తుంటే లోతట్టున ఉన్నవాళ్లు మూటలు సర్దుకుంటారు గానీ గోదారితో వాదనకు దిగరు. కోపానికీ ఇవే మెట్లు. వేళ్లు బిగియడం, పళ్లు కరుచుకోవడం మొదటిది. ఊరికే హారన్ మోగించడం, లారీ వెనక అంటుకుని పోవడం రెండోది. ఎదురేమొస్తుందో చూడకుండా మలుపులో దాటబోవడం మూడోది. అక్కడిదాకా పోయాక ఎవరి మాటలూ చెవికెక్కవు. అందుకని వేళ్ల దగ్గరే పట్టుకో. భుజాలు దించు. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు. వదిలేది నిదానంగా ఉంటే గుండె దడ తగ్గుతుంది.

ఒక లెక్క చెబుతా, నువ్వు బ్యాంకుదానివి కదా. లారీ వెనక 40 మీద 5 కిలోమీటర్లు పోతే ఏడున్నర నిమిషాలు. దాన్ని దాటి 60 మీద పోతే 5 నిమిషాలు. మిగిలేది రెండున్నర నిమిషాలు! వయసులో ఉన్నప్పుడు నేనూ ఆ రెండున్నర కోసం ఒక లారీని ఎగిరెగిరి దాటాను. సారపాక దగ్గర గేదెల మంద అడ్డమొచ్చి ఆగాను. అద్దంలో చూస్తే అదే లారీ నా వెనకే. డ్రైవరు బీడీ నోట్లో పెట్టుకుని నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకు ఏ ఆఫీసరూ చెప్పని పాఠం చెప్పింది.

దారిలో పెద్దమ్మ తల్లి గుడి దగ్గర డ్రైవర్లు బండి ఆపుతారు చూడు. అది భక్తే, కాదనను. కానీ దిగి, కాళ్లు చాపి, మొహం కడుక్కుని, దణ్ణం పెట్టుకుని మళ్లీ ఎక్కేవాడు వేరే మనిషి. సాయంత్రం తల బరువెక్కితే నువ్వూ ఆగు, ఐదు నిమిషాలకు కొంపలేం మునగవు.

అడవి మొదలయ్యాక ఏసీ ఆపి అద్దం కాస్త దించు. మూసిన కారులో గాలి మళ్లీ మళ్లీ తిరిగి మత్తు తెస్తుంది. వేసవి పొద్దున అయితే ఇప్పపూల వాసన తగులుతుంది. చెట్ల కింద పూలు ఏరుకునే కోయ ఆడవాళ్లు, రోడ్డు దాటే మేకలు కనబడతాయి. అక్కడ స్పీడు తగ్గించు. మనం వాళ్ల ఊరి మధ్య నుంచి పోతున్నాం, వాళ్లు మన రోడ్డుకు అడ్డం రావడం లేదు.

ఫోను వెనక సీట్లో పడెయ్యి. పిల్లాడి టిఫిను డబ్బా, నీ తాళాలు రాత్రే సర్దిపెట్టుకో. సగం కంగారు గడప దగ్గరే పుడుతుంది, లారీలు పాపం ఆ తరవాతే ఎదురొస్తాయి.

రేపు పావుగంట ముందు బయల్దేరు తల్లీ. చేరాక, బండి ఆపి దిగాకే, నాకొక ఫోను చెయ్యి.

మీ మామ